కొరాజీను రాతి నేల

2018లో పంట పండుగ ఆదివారం నాడు విత్తువాని ఉపమానం మీద ప్రసంగించాను. త్రోవ ప్రక్క నేల, రాతి నేల, ముండ్ల నేల, మంచి నేల అని నాలుగు వ్రేళ్ళు చూపి లెక్కపెట్టాను. రెండవ వ్రేలి దగ్గర ఆగి, రాతి నేల ఎందుకూ కొరగానిదని కాస్త గట్టిగానే అన్నాను. ఆరాధన ముగిసి అందరూ వందనాలు చెప్పి వెళ్ళిపోతుంటే, ఒక పెద్దాయన మాత్రం చేతికర్ర పట్టుకొని వేపచెట్టు క్రింద నిలబడ్డాడు. చిన్నతనం నుండి పశువులు కాచిన మనిషి. డెబ్బై దాటాయి.

"అయ్యగారూ, రాతి నేల అక్కరకు రాదన్నరు. మా తాత, మా నాయిన, నేను, ముగ్గురం గా రాళ్ళ మీది గడ్డితోనే బతికినం. నా పిల్లల సదువు గూడ గా గడ్డి మీదనే అయింది. మరి మా భూమిని దేవుడు ఒట్టిగనే చేసిండా?"

నేను ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఉపమానం మనుషుల హృదయాలను గూర్చినదని, నేలలను గూర్చినది కాదని అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళాడు కాని, ఆ ప్రశ్న నా దగ్గరే మిగిలిపోయింది.

ఆయన ఊరు నారాయణఖేడ్ వైపు. మన తెలంగాణలో పడమటి అంచున జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు, ఉత్తరాన ఆదిలాబాదు ప్రాంతం దక్కను నల్లరాతి మీద ఉన్నాయి. భూమి బీటలు వారి, లోపల కరిగిన రాయి వరదలాగా పైకి వచ్చి పరచుకొని, చల్లారి గట్టిపడిన రాయి అది. దాన్నే బసాల్టు అంటారు. పల్లంలో ఆ రాయి అరిగి నల్లరేగడి అయింది. మిట్ట మీద మాత్రం జానెడు మట్టి, దాని నిండా రాళ్ళు, అడుగున మొరం. అటువంటి మిట్ట మీద ఆ పెద్దాయనకు నాలుగెకరాల బీడు ఉంది. రాబోయే ఎండాకాలం జేసీబీ పెట్టి రాళ్ళన్నీ తీసి, ఆ నాలుగెకరాలూ పత్తి వేయాలని కొడుకు పట్టు. వద్దని తండ్రి పట్టు. ఇంట్లో మాటలు లేవు. నా ప్రసంగం కొడుకు చేతికి ఆయుధమైందని నాకు తరువాత తెలిసింది. "అయ్యగారే చెప్పిండు గదా, రాతి నేల పనికి రాదని" అన్నాడట.

ఈ సంగతి మనసులో ఉండగానే 2019 ఏప్రిల్ నెలలో సేవకుల బృందంతో కలిసి గలిలయ ప్రాంతం చూసే భాగ్యం కలిగింది. అందరూ సరస్సు మీద పడవ ఎక్కాలని ఆశపడ్డారు. నా కన్ను మాత్రం నేల మీదనే ఉండిపోయింది.

కపెర్నహూములో బస్సు దిగగానే మొదట కనిపించింది నల్లరాయి. ఇండ్ల గోడలు నల్లరాయి, గడపలు నల్లరాయి, వీధిలో పరచినది నల్లరాయి. అక్కడ నిలిచియున్న తెల్లని సమాజమందిరం తరువాతి శతాబ్దాలలో కట్టినది. దాని సున్నపురాయిని వేరే చోటి నుండి తెచ్చారు. దాని పునాది మాత్రం ఊరి నల్లరాయే. ప్రక్కన వరుసగా పేర్చియున్న తిరగళ్ళు, ఒలీవ గింజలు నలిపే గుండ్రాళ్ళు చూసినప్పుడు మా బృందంలోని ఒక అమ్మగారు, "మా అత్తగారి ఇసుర్రాయి ఇట్లనే ఉంటది" అన్నారు. నిజమే. కరిగిన రాయి చల్లారే వేళ అందులోని ఆవిరి బుడగలు బయటికి పోగా చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. ఆ గరుకుతనం వల్లనే గింజ జారకుండా నలుగుతుంది. తిరుగటి రాతిని గూర్చి ప్రభువు చెప్పిన కఠినమైన మాట ఈ ఊరిలోనే చెప్పినదని మార్కు సువార్త చదివితే తెలుస్తుంది. అది విన్నవారికి ఏ రాయో, ఎంత బరువో విడమరచి చెప్పనక్కరలేదు.

కపెర్నహూము నుండి బస్సు ఎత్తుకు ఎక్కింది. సరస్సు సముద్ర మట్టానికి రెండు వందల మీటర్లకు పైగా దిగువన ఉంది. అక్కడి నుండి ఉత్తరంగా మూడు నాలుగు కిలోమీటర్లు పోగానే కొరాజీను శిథిలాలు. ప్రభువు విలపించి గద్దించిన మూడు ఊళ్ళలో ఇది ఒకటి. నాలుగవ శతాబ్దంలో యూసేబియస్ అనే సంఘ చరిత్రకారుడు ఇది పాడుపడియున్నదని వ్రాశాడు. అక్కడి సమాజమందిరం మొత్తం నల్లరాతితోనే కట్టారు. రాతి మీద ద్రాక్షపండ్ల కోత చెక్కారు. ఉలికి లొంగని రాయి కనుక బొమ్మలు మొరటుగా ఉన్నాయి. అయినా ఆ చెక్కినవాని ఓపికకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

గోడ దాటి బయట నిలబడితే నాలుగు దిక్కులా అదే నేల. ఏటవాలు అంతా రాళ్ళు. కొన్ని గుమ్మడికాయంత, కొన్ని ఎడ్లబండి అంత. రాళ్ళ మధ్య గోధుమరంగు కలిసిన ముదురు ఎర్రమట్టి. మట్టి నుండి మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డిలో ఆవులు. తూర్పున యొర్దాను లోయ ఆవల గోలాను ఎత్తులు కనిపిస్తున్నాయి. 1967 యుద్ధం వరకు సిరియా ఏలుబడిలో ఉండి, అప్పటి నుండి ఇజ్రాయేలు చేతిలో ఉన్న ప్రాంతం అది. అదీ నల్లరాతి నేలే. పూర్వం బాషాను అన్నది ఆ వైపు దేశమే. బలిసిన ఎద్దులకు, కొవ్విన ఆవులకు బాషాను పేరు కీర్తనలలోనూ, ఆమోసు గ్రంథంలోనూ ఊరకే రాలేదు. రాళ్ళ దేశం పశువుల దేశమయింది. నాకు వేపచెట్టు క్రింద నిలబడ్డ పెద్దాయన గుర్తుకు వచ్చాడు.

ప్రియ చదువరులారా, ఆ రాతి నేల ఎట్లా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మనలో చాలామంది పొలాల ప్రక్కన ఇటువంటి నేల ఉంది, దాన్ని మనం చూసీ చూడనట్లు పోతున్నాం.

నల్లరాయి వానకు, ఎండకు ఉల్లిపొరలలాగా పొరలు పొరలుగా ఊడుతుంది. అందులో సున్నం, మెగ్నీషియం, ఇనుము మెండుగా ఉంటాయి కనుక దాని నుండి పుట్టిన మట్టి సారవంతమైనది, జిగురు గలది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పై మట్టి నెర్రెలలోనికి రాలుతుంది. మరల వాన పడినప్పుడు లోపల చోటు చాలక నేల పైకి ఒత్తుకుంటుంది. ఆ ఒత్తిడికి లోపలి రాళ్ళు ఏటేటా కొంచెం కొంచెంగా పైకి వస్తాయి. "ఎన్ని ఏరినా భూమి రాళ్ళు కంటనే ఉంటది" అని మన వైపు రైతులు అనే మాటలో ఉన్న సంగతి ఇదే.

సారం ఉంది కాని లోతు లేదు. కొరాజీను పీఠభూమి మీద కరె దెషె అనే పశువుల పరిశోధనా క్షేత్రం ఉంది. 'దెషె' అంటే పచ్చిక. ఇరువది మూడవ కీర్తనలో పచ్చికకు వాడిన హెబ్రీ మాట కూడా అదే. అక్కడ నేలలో సుమారు 30 శాతం రాయే కప్పియున్నది. మట్టి లోతు చోటుచోటుకూ మారుతుంది, రెండడుగులకు మించినది అరుదు. వాన ఏడాదికి సుమారు 570 మిల్లీమీటర్లు. అదంతా అక్టోబరు నుండి ఏప్రిల్ లోపల, చలికాలంలోనే పడుతుంది. తక్కిన నెలలన్నీ చుక్క రాలదు.

ఇక్కడ రాయి చేసే మేలు చూడండి. రాతి మీద పడిన వాన లోపలికి ఇంకదు, ప్రక్కనున్న మట్టిలోనికి జారుతుంది. నూరు గజాల నేలలో ముప్పై గజాలు రాయి అయితే, నూరు గజాల వాన డెబ్బై గజాల మట్టికి దక్కుతుంది. ఆ లెక్కన 570 మిల్లీమీటర్లు పడిన చోట మట్టికి అందేది దాదాపు 800 మిల్లీమీటర్లు. కొంత నీరు పారిపోయినా, రాతి అంచున ఉన్న మట్టికి దాని వంతు కంటె ఎక్కువే దక్కుతుంది. రాతి క్రింది మట్టిని ఎండ కాల్చదు కనుక తేమ కూడా తొందరగా ఆరిపోదు. ఏటవాలున వాన నీరు మట్టిని లాగుకొని పోకుండా అడ్డం పడేదీ ఆ రాయే. ఒక రాయిని కదిపి, క్రింద వ్రేలితో గీచి చూశాను. పైన పొడిగా ఉన్న మట్టి రాయి క్రింద చల్లగా, తడిగా ఉంది.

ఇది చూసిన తరువాత ఉపమానం నాకు మరింత స్పష్టమయింది. పలుచని మట్టి త్వరగా వేడెక్కుతుంది. కనుక అక్కడ విత్తనం అందరికంటె ముందే మొలుస్తుంది. క్రింద రాయి ఉన్నందున వేరు దిగదు. ఎండ ముదిరేసరికి ఆ కొద్ది తేమ తీరిపోయి మొక్క మాడుతుంది. ప్రభువు పొలం గట్టున నిలిచి చూసినవానివలె చెప్పాడు, ఒక్క మాట కూడా పొల్లుపోలేదు. నేనే ఒక సంగతి గమనించలేదు. ఆ నాలుగు నేలలు నాలుగు ఊళ్ళలో ఉన్నవి కావు. కొరాజీను ఏటవాలున నిలబడితే నాలుగూ ఒక్క చేనులోనే, పది అడుగుల దూరంలో కనిపిస్తాయి. ఇదిగో కాలిబాట, ఇదిగో పలుచని మట్టి కప్పిన బండ, ఇదిగో ముండ్ల పొద, ఇదిగో రెండు బండల మధ్య పోగైన లోతైన మట్టి. విత్తువాడు ఒక్క పిడికిలి విసిరితే నాలుగింటి మీదా పడుతుంది. ఆ లోతైన మట్టి గుంటలలో పంట ఎటువంటిదో యూదుల తల్మూదు సాక్ష్యమిస్తున్నది. కొరాజీను యెరూషలేముకు దగ్గరగా ఉన్నట్లయితే దేవాలయపు అర్పణకు ఈ ఊరి గోధుమలనే తెచ్చేవారని అందులో ఒక రబ్బీ మాట ఉంది. నల్లరాళ్ళ ఊరికి గోధుమల పేరు!

గోధుమ మాట వచ్చింది కనుక మరొకటి చెప్పాలి. కొరాజీనుకు ఉత్తరాన, కొద్ది దూరంలోనే రోష్ పిన్నా అనే ఊరు ఉంది. 1906లో ఆరోన్ ఆరన్‌సోన్ అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు అక్కడ ఒక రాతి పగులులో మొలిచిన అడవి గోధుమను కనుగొన్నాడు. ఆ చోటి రాయి సున్నపురాయి. అయితే సరస్సు చుట్టునున్న నల్లరాతి ఏటవాలుల మీదా, గోలాను మీదా ఆ గోధుమ గుంపులు గుంపులుగా పెరుగుతుంది. మనుషులు విత్తి కోసే గోధుమకు అది పూర్వపు తల్లి. మహారాష్ట్రలో ఖప్లీ అని పిలిచే గోధుమ దాని పెంపుడు బిడ్డ. మన చపాతీ గోధుమలోనూ దాని వంశం ఉంది.

మా మార్గదర్శి రాళ్ళ మధ్య నుండి ఒక వెన్ను తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. గింజల గుత్తికి రెండు పొడవాటి ముండ్లున్నాయి. పండినప్పుడు వెన్ను దానంతటదే విరిగి, గుత్తులు ఒక్కొక్కటిగా నేల రాలుతాయి. పగటి ఎండకు ఆ రెండు ముండ్లు విచ్చుకుంటాయి, రాత్రి తేమకు దగ్గరవుతాయి. రోజూ అట్లా విచ్చుకుంటూ ముడుచుకుంటూ గింజను మట్టిలోనికి దించుకుంటాయి. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. మన బీళ్ళలో పంచెకు గుచ్చుకొని నడిచేకొద్దీ లోపలికి దిగే గడ్డి ముండ్లను ఎరిగినవారికి ఇది ఆశ్చర్యం అనిపించదు. అట్లా దిగిన గింజ ఎండాకాలమంతా నేలలో ఓపికగా ఉండి, మొదటి వానకు మొలుస్తుంది. నాగలి రాని చోట, ఆవు నోరు అందని రాతి సందుల్లో అది వేల సంవత్సరాలు బ్రదికింది. మనం అన్నం లేదా రొట్టె అంటే మంచి నేల అనుకుంటాం. రొట్టె తల్లిని కాపాడింది మాత్రం రాతి నేల.

ఆ గడ్డిలో మరొక మొక్క చూపించారు. అడవి యవల జాతి. దాని మొదట చిన్న ఉల్లిపాయవంటి గడ్డ ఉంటుంది. పైన ఆకు ఎండి గాలికి పోయినా గడ్డలో ఆహారం దాచుకొని వానకాలం దాకా కాచుకొని ఉంటుంది. ఇటువంటి మొక్కలుండబట్టే ఆ నేల ఏటేటా పచ్చబడుతుంది.

అయితే రాతి నేలకు ఓర్పు ఉంది గదా అని ఎంతైనా మేపవచ్చునా? కరె దెషెలో ఆ పరీక్ష ఏండ్ల తరబడి చేశారు. ఒక వైపు రెండుంపావు ఎకరాలకు ఒక ఆవు, మరొక వైపు నాలుగున్నర ఎకరాలకు ఒక ఆవు చొప్పున మేపి చూశారు. ఎక్కువ మేపిన చోట ఎత్తుగా పెరిగే మేలైన గడ్డి తగ్గిపోయి, నేలను అంటి పెరిగే చిన్న మొక్కలు ఎక్కువయ్యాయి. గడ్డి పోతే నేల బట్టబయలవుతుంది. బట్టబయలైన పలుచని మట్టి ఒక్క పెద్ద వానకు పల్లానికి పోతుంది. పోయిన మట్టిని ఆ రాయి మరల పుట్టించాలంటే మన మనుమల మనుమలకు కూడా అది కనబడదు. కాపరికీ లెక్క కావాలి. మంద ఎంత, గడ్డి ఎంత, ఏ మూలను ఎన్నాళ్ళు విడిచిపెట్టాలి అన్నది అతడు ఎరిగియుండాలి.

ఇంటికి వచ్చిన వారానికే ఆ పెద్దాయన ఊరికి వెళ్ళాను. జేసీబీ ఇంకా రాలేదు. కొడుకు నులకమంచం వాల్చి, "కూర్చోండ్రి అయ్యగారూ" అన్నాడు. నేను కూర్చోలేదు. ముందుగా తండ్రి ఎదుట కొడుకుతో, "ఆనాడు నేను చెప్పినది తొందరపాటు మాట. నీ తండ్రికి నేను క్షమాపణ చెప్పాలి" అన్నాను. పెద్దాయన, "గంత మాటెందుకు అయ్యగారూ" అని తల వంచుకున్నాడు. అప్పుడు గడ్డపార తెమ్మని, ముగ్గురం బీడు మీదికి నడిచాము.

మిట్ట మీద నాలుగు చోట్ల త్రవ్వాము. జానెడు కూడా దిగకుండానే గడ్డపార ఖంగుమంది. నడుమ భాగంలో మూరెడు లోపలే మొరం తగిలింది. క్రింద, వాగు వైపు గట్టు దగ్గర మాత్రం మోకాలి లోతు దాకా నల్లమట్టి వచ్చింది. ఎకరం కంటె కొంచెం ఎక్కువ ఉంటుందేమో ఆ ముక్క. కొరాజీనులో చూసినట్లే, ఒక్క భూమిలో రెండు మూడు నేలలు. కొడుకు గుంటలన్నీ తిరిగి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత తండ్రి వైపు చూడకుండానే, "కింది ఎకరం సాపు చేస్త. పైన మూడెకరాలు జోలికి పోను" అన్నాడు. తీసిన రాళ్ళను వాలుకు అడ్డంగా వరుసగా పేర్చమని పెద్దాయన చెప్పాడు. ఆ మాట నేను చెప్పినది కాదు, ఆయన తండ్రి నాటి పని అది. పై మూడెకరాలలో పశువులను మలిపి మలిపి మేపాలని, ఏటా ఒక భాగం గడ్డి గింజ రాలేదాకా విడవాలని కూడా ఆయనే నిర్ణయించాడు.

కొడుకు సంతోషంగా ఒప్పుకున్నాడని నేను చెప్పను. పత్తి నాలుగెకరాలు వేసినవాని లెక్క వేరు, ఒక ఎకరం వేసినవాని లెక్క వేరు. ఆడపిల్ల పెండ్లి అప్పు ఇంకా ఉంది. ఆ బరువు ఎరిగినవాడు కనుకనే అతడు యంత్రం మాట ఎత్తాడు. రాతి నేలను కాపాడమని చెప్పడం సులువు, దాని మీద ఇల్లు గడపడం సులువు కాదు. ఈ మాట చెప్పకుండా విడిస్తే నేను రెండవసారి తొందరపడినవాడనవుతాను.

2020 అక్టోబరులో మన రాష్ట్రమంతటా కురిసిన పెద్ద వానలు మీకు జ్ఞాపకం ఉండవచ్చు. ఆ ఊరిలో మరొక మిట్ట మీద ముందే రాళ్ళన్నీ తీసి దున్నిన చేనులో మట్టి వాగు పాలయింది, తెల్లారేసరికి మొరం తేలింది. ఆ రైతు కష్టం తలచుకొంటే నాకు సంతోషం కలుగదు, బాధే కలుగుతుంది. ఈ పెద్దాయన బీడు మీద గడ్డి వంగింది, మట్టి కదలలేదు. క్రింది ఎకరానికి మీది రాతి వరుసల దగ్గర ఒండ్రు కొంచెం పోగయింది. కొడుకు ఆ ఒండ్రును పారతో ఎత్తి చూపిస్తూ, "ఇది పైనించి వచ్చిన మట్టే అయ్యగారూ" అన్నాడు. ఆనాడు అతడు తండ్రితో కలిసి అన్నం తిన్నాడు.

విత్తువాని ఉపమానం మీద ఇప్పుడూ ప్రసంగిస్తాను. రాతి మీద విత్తనం మాడుతుందని ఇప్పుడూ చెబుతాను, అది సత్యం. నాలుగు వ్రేళ్ళు చూపించడం మాత్రం మానుకున్నాను. నాగలికి లొంగని నేలకు వేరే పని అప్పగించబడియున్నదని, ఆ పని ఏమిటో కాపరిని అడిగి తెలుసుకోవాలని చెబుతాను. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దాయన ముందు వరుసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చుని వింటూ ఉంటాడు.

మీ ఊరి చివర కూడా ఒక రాతి మిట్ట ఉండే ఉంటుంది. ఈ వానాకాలంలో ఒకసారి అక్కడికి వెళ్ళి, ఒక రాయిని ఎత్తి, దాని క్రింది మట్టిని చేతితో తాకి చూడండి. చూసిన తరువాత రాయిని తిరిగి దాని చోటనే పెట్టండి.